తెనాలి నుంచి డల్లాస్‌ దాకా ఒకే గడియారం

టికెట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టగానే అమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. తెల్లవారుజామున 3:50కి శంషాబాద్‌లో ఎక్కడం, మధ్యలో దోహాలో విమానం మారడం, అదే రోజు సాయంత్రం 4:15కి డల్లాస్‌లో దిగడం. "పన్నెండున్నర గంటలేగా అమ్మాయ్! రైల్లో తిరుపతి వెళ్లొచ్చినంత సేపు" అంది తేలిగ్గా. మజ్జిగ గిన్నె ఇచ్చిపోదామని వచ్చిన పక్కింటి పిన్నిగారు కూడా ఆ కాగితం చూసి, "దోహాకి రెండు గంటలు కూడా పట్టట్లేదు అక్కయ్యా, 3:50కి బయల్దేరి 5:40కల్లా దిగుతున్నారు" అన్నారు.

ఇద్దరూ చదివింది చదివినట్టే చెప్పారు. కాగితం మీద అలాగే ఉంది మరి. కానీ ఆ ప్రయాణానికి నిజంగా పట్టేది 22 గంటల 55 నిమిషాలు. టికెట్ మీద ఏ ఊరి పక్కన ఉన్న టైము ఆ ఊరిదే. శంషాబాద్ పక్కన మన టైము, దోహా పక్కన దోహా టైము, డల్లాస్ పక్కన డల్లాస్ టైము. ఒక ఊరి టైములోంచి ఇంకో ఊరి టైము తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. ఈ చిన్న విషయం తెలియక మా ఇంట్లో ఒకసారి పెద్ద ప్రమాదమే జరగబోయి తప్పింది. అందుకే ఈసారి లెక్క మొత్తం నేనే కూర్చుని వేశాను.

అమ్మకి 71 ఏళ్లు. పదేళ్లకు పైగా పొద్దునొకసారి, రాత్రొకసారి ఇన్సులిన్ తీసుకుంటోంది. 2016లో నాన్న ఉండగా ఇద్దరూ దుబాయ్ మీదుగా డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లారు. దుబాయ్‌లో పొద్దున ఇంజెక్షన్ అయింది, టిఫిన్ అయింది, రెండో విమానం ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే నాన్న తన వాచీని డల్లాస్ టైముకి తిప్పేశారు. అలా చేస్తే జెట్‌లాగ్ ఉండదని ఎవరో చెప్పారట. ఫోను మాత్రం ఇండియా టైములోనే ఉండిపోయింది. కొన్ని గంటలకి వాచీలో ఉదయం ఏడైంది. నాన్న లేపి, "ఏడైంది, ఇంజెక్షన్ టైము" అన్నారు. అమ్మ నిద్రమత్తులోనే చేసుకుంది. అప్పుడు మన టైము సాయంత్రం అయిదున్నర. ఇంకో రెండున్నర గంటలకి ఫోనులో రాత్రి ఎనిమిది అలారం మోగింది. అది కూడా ఇంజెక్షన్ అలారమే. అదీ చేసుకుంది. భోజనమేమో రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. పక్క సీట్లో ఒక నర్సు ఉండబట్టి సరిపోయింది. ఆవిడ చూడగానే షుగర్ పడిపోయిందని గుర్తుపట్టి, జ్యూస్ తెప్పించి తాగించి, గంటసేపు పక్కనే కూర్చుంది. ఈ సంగతి నాన్న నాకు చాలా నెలల తర్వాత చెప్పారు. చెప్తూ కూడా కళ్లనీళ్లు పెట్టుకున్నారు. రెండు గడియారాలు రెండు మాటలు చెప్తే ఆ పెద్దాయన రెండూ విన్నాడు, అంతే.

అందుకని 2024 జూన్‌లో అమ్మని నేనే తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు మొదట పెట్టుకున్న నియమం ఇది: ఇల్లు దాటినప్పటి నుంచి తమ్ముడింట్లో భోజనానికి కూర్చునేదాకా ఒక్కటే గడియారం, అదీ ఇండియా టైములో. నాన్న పాత హెచ్ఎంటీ వాచీ బీరువాలో ఉంటే తీసి, కీ ఇచ్చి, రెండు రోజులు గోడగడియారంతో పోల్చి చూశాను. బాగానే నడుస్తోంది. అదే పెట్టుకున్నాను.

లెక్క వేయడం కష్టమేం కాదు. మనది ప్రపంచ సమయం, అంటే యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందు. దోహా మూడు గంటలు ముందు. కాబట్టి దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక. డల్లాస్ వేసవిలో యూటీసీకి అయిదు గంటలు వెనక, చలికాలంలో ఆరు గంటలు వెనక. అంటే మనకీ వాళ్లకీ వేసవిలో పదిన్నర గంటలు తేడా, చలికాలంలో పదకొండున్నర. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. చేయాల్సిందల్లా టికెట్ మీదున్న ప్రతి టైమునీ మన టైములోకి మార్చి పక్కన రాసుకోవడం. దోహాలో 5:40 అంటే మనకి ఉదయం 8:10. అక్కడ 8 గంటలకి ఎక్కడం అంటే మనకి 10:30. డల్లాస్‌లో సాయంత్రం 4:15 అంటే మనకి మర్నాడు, అంటే 13వ తేదీ, రాత్రి 2:45. ఇప్పుడు కాగితం చూస్తే కథ తేటగా ఉంటుంది. మొదటి విమానం 4 గంటల 20 నిమిషాలు, దోహాలో ఆగేది 2 గంటల 20 నిమిషాలు, రెండో విమానం 16 గంటల 15 నిమిషాలు.

ఆ పదహారుంపావు చూసి అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అసలు ఎంత దూరమే అది?" అంది.

ఆ ప్రశ్న నాకూ ఉంది. గోడ మీది ప్రపంచ పటం చూస్తే మనం పడమరకి, అరేబియా, ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ దాటి వెళ్తున్నట్టు ఉంటుంది. కానీ భూమి గుండ్రం కదా, పటంలో గీసిన అడ్డగీత నిజానికి చుట్టుదారి. మా అబ్బాయి చిన్నప్పటి గ్లోబు అటక మీద ఉంటే దింపాను. అమ్మ అప్పుడు మల్లెలు కడుతోంది. ఆ పూలదారమే ఒక మూర తెంపి, ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగాను. దారం పడమర వైపు పోనే లేదు! తిన్నగా పైకి వెళ్లింది. ఢిల్లీ, హిమాలయాలు, కజకిస్థాన్, సైబీరియా, ఉత్తర ధ్రువం పక్క నుంచి అటువైపు దిగి, కెనడాలో హడ్సన్ బే పడమటి అంచు మీదుగా డల్లాస్.

అమ్మ పూలు పక్కన పెట్టి గ్లోబు ఒళ్లోకి తీసుకుంది. "అంటే మనం ఉత్తరం దిక్కుకి తిరిగి నడుస్తా పోతే వాడిల్లు వస్తుందా?" అంది. నిజంగా అంతే. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద. రెండూ కలిపితే 175. ఇంకో అయిదు డిగ్రీలుంటే సరిగ్గా భూమికి ఎదురెదురు వైపులు. అలా ఎదురెదురుగా ఉన్న ఊళ్ల మధ్య దగ్గర దారి ధ్రువం మీదుగానే పోతుంది. ఈ రెండు విమానాశ్రయాల మధ్య ఆ దగ్గర దారి సుమారు 14,400 కిలోమీటర్లు, అది ధ్రువానికి 500 కిలోమీటర్ల చేరువ దాకా వెళ్తుంది. ఇన్నేళ్లూ మా వీధిలో అందరం "పడమటి దేశం" అనుకున్న ఊరు, లెక్కకి మాకు ఉత్తరాన ఉంది. ఆ రోజు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు.

మరి దోహా మీదుగా వెళ్తే ఎంత చుట్టు? ఇంటర్నెట్‌లో రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు ఇస్తే దూరం చూపించే సైట్లు ఉన్నాయి. శంషాబాద్‌ది హెచ్‌వైడీ, దోహాది డీఓహెచ్, డల్లాస్‌ది డీఎఫ్‌డబ్ల్యూ. హైదరాబాద్ నుంచి దోహా దాదాపు 2,900 కిలోమీటర్లు, దోహా నుంచి డల్లాస్ దాదాపు 12,750. కలిపితే 15,650. నేరు దారి కన్నా పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే ఎక్కువ. అంటే చుట్టుదారి వల్ల పోయేది గంటన్నర. మిగతా ఆలస్యమంతా దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్తాను. ఆ సైట్లలో కొన్ని దూరాన్ని మైళ్లలో, కొన్ని నాటికల్ మైళ్లలో చూపిస్తాయి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852. నేను మొదటి రాత్రి ఈ రెండూ కలిపేసి గంటసేపు తప్పు లెక్కలు వేశాను.

ఇంకో సంగతి. దూరాన్ని విమానం వేగంతో భాగిస్తే సమయం వచ్చేస్తుందనుకుంటాం. పెద్ద విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుంది కాబట్టి 2,900 కిలోమీటర్ల దోహాకి మూడుంపావు గంటలు చాలాలి. టికెట్‌లో 4:20 ఎందుకుంది? ఎందుకంటే అందులో ఉన్నది గాల్లో ఉన్న సమయం ఒక్కటే కాదు. గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా మొత్తం. రన్‌వే దాకా మెల్లగా పోవడం, వరసలో నిలబడడం, పైకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం అన్నీ కలిసే ఉంటాయి. పైగా అటు వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఒకటి. దగ్గర ఊళ్లకి ఈ అదనపు సమయం ఎక్కువ కనిపిస్తుంది, దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. దోహా దాకా మా సగటు గంటకి 670 కిలోమీటర్లే వచ్చింది, అక్కడి నుంచి డల్లాస్ దాకా 785.

తమ్ముడు ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా బుక్ చేద్దామన్నాడు. "అక్కా, ఆ దారిలో రెండూ మధ్యస్థంగా ఉంటాయి, అమ్మ ఒకేసారి పదహారు గంటలు కూర్చోనక్కర్లేదు" అని. వాడన్నదీ సబబే. అటు 7,100, ఇటు 8,250 కిలోమీటర్లు, మొత్తం దూరం దాదాపు ఇంతే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అదే మేలని ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ మాకు కావాల్సిన తేదీకి అక్కడ ఏడు గంటల పైన ఆగాల్సి వచ్చింది. నేరు విమానం అసలు లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా మొదలుపెట్టింది, తర్వాత ఆగిపోయింది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా 18 గంటల పైన పోయే విమానం ఉన్నప్పుడు 14,400 దూరం విమానానికి ఎక్కువేం కాదు. మా తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న డల్లాస్‌కి ఎప్పటికైనా నేరుగా విమానం వస్తే ఎంతమంది అమ్మానాన్నలకి సుఖమో.

కాగితం పట్టుకుని అమ్మని చూసే డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మన టైములో రాసిన వరస చూసి, "ఇలా తెస్తే నా పని తేలికమ్మా" అన్నారు. భోజనం ఎప్పుడు వస్తుందో అడిగి ఒక్కో ఇంజెక్షన్ పక్కన మోతాదు తనే రాశారు. అవి మనిషికో రకంగా ఉంటాయి కాబట్టి ఆ అంకెలు ఇక్కడ రాయను. ఎవరి డాక్టరుని వాళ్లు అడగాల్సిందే. ఆయన చెప్పిన ఒక మాట మాత్రం అందరికీ పనికొస్తుంది: ట్రే చేతికొచ్చాకే ఇంజెక్షన్, ముందు కాదు. విమానంలో కుదుపులుంటే భోజనం వడ్డించడం ఆపేస్తారు, అప్పుడు ఇంజెక్షన్ అయిపోయి కడుపు ఖాళీగా ఉంటుంది. ఇన్సులిన్ పెన్నులు, సూదులు, గ్లూకోమీటరు, ఆయన రాసిచ్చిన ఇంగ్లీషు లెటరు అన్నీ హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నాం. లగేజీలో వేస్తే కింద చలికి గడ్డకట్టి మందు పాడయ్యే ప్రమాదం ఉందట.

పదకొండో తేదీ మధ్యాహ్నం మూడింటికి తెనాలిలో కారెక్కాం. శంషాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. టికెట్ మీద ఈ దూరం ఉండదు కానీ అమ్మ మోకాళ్లకి ఇదీ ప్రయాణమే. సూర్యాపేట దాటాక పొద్దు గుంకింది. రోజూ ఆ వేళకి ఇంట్లో దీపం పెడుతుంది. కార్లోనే పడమటికి తిరిగి దణ్ణం పెట్టుకుంది. దారిలో ఒక హోటల్లో ఆగి ఎనిమిదింటికి ఇంజెక్షన్, రెండు ఇడ్లీలు. విమానాశ్రయంలో వీల్‌చెయిర్ ముందే అడిగి ఉంచాం. దానికి మా దగ్గర డబ్బులేం తీసుకోలేదు. నడవగలిగినా సరే, పెద్దవాళ్లకి తప్పకుండా అడగండి. దోహాలో టెర్మినల్ ఎంత పెద్దదో ఆ కుర్చీలో తిరిగితేనే తెలిసింది.

దోహాలో దిగేసరికే ఎండ. హాలు మధ్యలో ఆ పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ కింద కూర్చుని, నాన్న వాచీలో 8:30 చూసి, షుగర్ పరీక్ష చేసి, ఇంజెక్షన్ చేసి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినిపించాను. అక్కడి గడియారం ఆరు అంటోంది. అమ్మ ఆ గడియారం వైపు ఒకసారి చూసి, నా చేతి వాచీ వైపు చూసి, "నాకు ఇదే చాలు" అంది.

రెండో విమానంలో ముందు సీటు వెనక తెర మీద దారి చూపిస్తూనే ఉంది. ఇరాన్, టర్కీ, నల్లసముద్రం. దారం పెట్టి చూస్తే దోహా నుంచి డల్లాస్ గీత ఇంకా తూర్పుగా, ఉక్రెయిన్ మీదుగా పోవాలి. 2022 ఫిబ్రవరి నుంచి ఆ ఆకాశంలో ప్రయాణికుల విమానాలు తిరగట్లేదు, అందుకని పడమరకి ఒరిగి వెళ్లాం. కింద ఆ యుద్ధం జరుగుతుంటే పైన మేం నలభై నిమిషాలు అటూఇటూ లెక్కపెట్టుకుంటున్నామని మనసు చివుక్కుమంది. అమ్మకి చెప్పలేదు.

రెండేసి గంటలకి అమ్మని లేపి సీట్ల మధ్య దారిలో అటూ ఇటూ నడిపించాను. వెనక వంటగది దగ్గర ఇంకో ముగ్గురు పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకరిది కరీంనగర్, ఇద్దరిది నెల్లూరు. కాళ్లు నొప్పులు, మనవల కబుర్లు. నెల్లూరు పెద్దాయన బీపీ మాత్ర పట్టుకుని "ఇప్పుడు రాత్రా, పగలా? ఇది రాత్రి మాత్ర" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న వినగానే నాకు గుండె కలుక్కుమంది. నా కాగితం తీసి చూపించాను. "మీరు ఇంటి దగ్గర వేసుకునే వేళకి ఇంకా మూడు గంటలుంది బాబాయిగారూ" అంటే, మాత్ర మళ్లీ డబ్బాలో పెట్టి, ఆ కాగితం ఫోనులో ఫొటో తీసుకున్నారు.

వాచీలో రాత్రి ఎనిమిది కావస్తుండగా ట్రేలు వచ్చాయి. విమానమంతా చీకటి చేసి ఉంది, అందరూ కిటికీలు మూసుకుని పడుకున్నారు. సూది పెట్టడానికి వెలుతురు కావాలని మా కిటికీ తెర రెండంగుళాలు పైకెత్తాను. ఒక్కసారిగా తెల్లటి వెలుగు అమ్మ ఒళ్లో పడింది. కింద గ్రీన్‌లాండ్ తూర్పు తీరం. నల్లటి కొండల మధ్య మంచు, సముద్రంలోకి దిగిన చోట చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి, పెరుగు విరిగినట్టు. అక్కడ ఇంకా పట్టపగలే. అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు కొంచెం పక్కకి జరిపి, రెండో చేత్తో పెన్ను పట్టుకుని, పొట్ట మీద సూది పెట్టి, మామూలుగా లెక్కపెట్టినట్టే ఒకటి నుంచి పది దాకా పెదాలతో లెక్కపెట్టింది. సూది తీసి మూత పెట్టాక కిటికీలోకి వంగి చూసింది. "రాత్రి ఎనిమిదింటికి ఇంత ఎండా! మరి దీపం ఎప్పుడు పెట్టాలే?" అంది.

ఆ రోజు మాకు పొద్దు గుంకనే లేదు. దోహాలో దిగే ముందు ఉదయించిన సూర్యుడు మాతో పాటే పడమరకి వచ్చాడు. భూమి తూర్పుకి తిరుగుతుంది, మేం దానికి ఎదురు పోతున్నాం. అందులోనూ అది జూన్, ఉత్తరాన పగళ్లు పొడుగు. డల్లాస్‌లో దిగి, ఇమ్మిగ్రేషన్ వరసలో నిలబడి, సామాను తీసుకుని, డల్లాస్ శివారు ఫ్రిస్కోలో తమ్ముడింటికి చేరేసరికి అక్కడ సాయంత్రం ఆరున్నర. ఇంకా ఎండ కాస్తూనే ఉంది. ఎనిమిదిన్నర దాటాకే అస్తమించింది. అంటే ఇంచుమించు 24 గంటలు ఎడతెగని పగలు. అప్పుడు మా మరదలి పూజ గదిలో అమ్మ దీపం పెట్టింది.

భోజనం దగ్గర వాచీ చూశాను. ఉదయం 6:30. డల్లాస్‌లో రాత్రి 8. మనకీ వాళ్లకీ తేడా పన్నెండు గంటలకి దగ్గరగా ఉంది కాబట్టి మన పొద్దుటి ఇంజెక్షన్ వేళే అక్కడ రాత్రి ఇంజెక్షన్ వేళ అవుతుంది. మధ్యలో ఎడం పెద్దగా మారలేదు, పొద్దుటిదీ రాత్రిదీ మోతాదులు మాత్రం తారుమారు. డాక్టరు గారు ఆ ఒక్క దగ్గర ఎర్ర సిరాతో రాసింది అందుకేనని అప్పుడు పూర్తిగా అర్థమైంది. తెనాలి గుమ్మం నుంచి ఫ్రిస్కో గుమ్మం దాకా 38 గంటలు. ఈ మొత్తంలో అమ్మ షుగర్ ఒక్కసారి కూడా పడిపోలేదు. తమ్ముడు మీటరు చేతిలోకి తీసుకుని పాత రీడింగులన్నీ ఒక్కొక్కటే వెనక్కి నొక్కి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. వాడికి 2016 సంగతి తెలుసు.

మూడు వారాలకి నేనొక్కదాన్నే వెనక్కి వచ్చాను. ఈసారి టికెట్ తలకిందులు. సాయంత్రం 6:30కి బయల్దేరి ఎల్లుండి రాత్రి 2 గంటలకి హైదరాబాద్, పక్కన "+2" అని గుర్తు. కాగితం మీద 31 గంటల పైన కనిపిస్తుంది, నిజానికి పట్టింది 21. డల్లాస్ నుంచి దోహాకి పద్నాలుగున్నర గంటలే. దారి అదే, దూరం అదే, దాదాపు రెండు గంటలు తక్కువ! ఆకాశంలో ముప్పై, నలభై వేల అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే గాలుల ధార ఒకటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. వెళ్లేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. వెళ్లేటప్పుడు తెర మీద వేగం 830 దగ్గర తచ్చాడితే, వచ్చేటప్పుడు అట్లాంటిక్ మీద 1,040 చూశాను. గోదావరిలో పడవ మీద వాలుకి పోవడానికీ ఏటికి ఎదురీదడానికీ ఎంత తేడానో అంత. చలికాలంలో ఆ గాలి ఇంకా బలంగా ఉంటుంది.

నాన్న వాచీ అమ్మ దగ్గరే వదిలి వచ్చాను. ఇండియా టైములోనే ఉంచుకుంది, రోజూ పొద్దున కీ ఇస్తుంది. పిన్నిగారికి ఫోన్ చేయాలంటే అందులోనే చూసుకుంటుందట.

అమ్మ తిరుగు ప్రయాణం నవంబరు మూడో వారంలో. తమ్ముడు తీసుకొస్తున్నాడు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి పోతాయి కాబట్టి తేడా పదకొండున్నర అవుతుంది, జూన్ కాగితం ఇప్పుడు పనికిరాదు. పైగా తూర్పుకి వచ్చేటప్పుడు రోజు కురచ అవుతుంది. కొత్త వరస నిన్న రాత్రి రాశాను. మన టైములో ఉదయం ఆరింటికి ఎక్కడం, మర్నాడు తెల్లవారుజామున మూడింటికి దిగడం. మధ్యలో వచ్చే భోజనాలు రెండా, మూడా అని విమానంవాళ్లని అడగాలి. శుక్రవారం డాక్టరు గారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.